ఆదివారం వడ్రంగం: మా గూడేల బృందం మాట

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. మా చేతులకు ఉలి అలవాటు, మైకు అలవాటు లేదు. అందుకని రాసుకొచ్చి చదువుతున్నాం. తప్పుగా అనుకోకండి.

మేము ఉట్నూరు వైపు నాలుగు గూడేల పిల్లలం. గోండులం ఉన్నాం, పర్ధాన్లం ఉన్నాం, కొలాం తమ్ముళ్లు ఉన్నారు, ఒక తోటి కుటుంబం నుంచి ఇద్దరు అన్నదమ్ములు వస్తారు. ఇప్పటికి పందొమ్మిది మందిమి, అందులో ఐదుగురు ఆడపిల్లలు. డిగ్రీ చదివే వాళ్లున్నారు, చదువు మధ్యలో ఆపి ఆటో నడిపే వాళ్లున్నారు, పత్తి చేనే బతుకైన వాళ్లున్నారు. మూడేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఒక పాత సామాజిక భవనంలో కలుస్తాం. దాని పైకప్పు రేకులు మేమే బాగు చేసుకున్నాం. మధ్యాహ్నం దాకా చెక్క పని. మాకు బోర్డు లేదు, లెటర్‌ప్యాడ్ లేదు. ఊళ్లో వాళ్లు “ఆదివారం వడ్రంగపోళ్లు” అంటారు. ఆ పేరు మాకు సరిపోయింది.

మొదట్లో పెద్దలు అడిగిన ప్రశ్న ఒకటే: “వడ్రంగం మన పనా?” న్యాయమైన ప్రశ్నే. నాగళ్లు, గుంటకలు, బండ్లు చేయడానికి వడ్ల కుటుంబాలు ఉండేవి. పంట రాగానే వాళ్లకు గింజలు కొలిచి ఇచ్చేవాళ్లం. కానీ ఇంటి గుంజలు నిలబెట్టింది, దర్వాజా చెక్కింది, రోలు, రోకలి, ఊయల చేసుకున్నది ఎవరు? మన తాతలే. గొడ్డలి, బాడిస లేని ఇల్లు మన దగ్గర ఉండేది కాదు. ట్రాక్టరు వచ్చాక నాగలి పోయింది. నాగలి పోయాక వడ్ల కుటుంబాలు పట్నంలో ఫర్నిచర్ షాపులకు పోయాయి. ఇప్పుడు ఊయల కాలు విరిగినా, బండి ఆకు ఊడినా చూసే మనిషి లేడు. కొత్తది కొనాలి. ప్లాస్టిక్ది కొనాలి.

మాకు పని నేర్పింది మండల కేంద్రంలో ఉండే ఒక వడ్ల తాత. ఆయనకు డెబ్బై దాటాయి. మొదటి మూడు వారాలు మాకు చెక్క ముట్టనివ్వలేదు. ఉలి నూరమన్నాడు. సానరాయి మీద నీళ్లు చల్లుకుంటూ, ఒకే వాలులో, చేయి వంకర పోకుండా నూరాలి. ముంజేతి మీద వెంట్రుక తెగితే అప్పుడు చెక్క దగ్గరికి రమ్మన్నాడు. ఇద్దరు విసుగుపుట్టి మానేశారు. మిగిలిన వాళ్ల ముంజేతులు మాత్రం నున్నగా అయ్యాయి. మొండి ఉలితో పని చేసేవాడు బలం ఎక్కువ పెడతాడు, బలం పెట్టినప్పుడే ఉలి జారి చేతిలో దిగుతుంది అని ఆయన చెప్పింది మాకు తరువాత అర్థమైంది.

ఇక అసలు సంగతి, కలప. దీని గురించి ఇక్కడ అరమరికలు లేకుండా మాట్లాడుకోవాలి. మన వైపు యువకుడి చేతిలో రంపం కనబడితే జనానికి ముందు గుర్తొచ్చేది వడ్రంగం కాదు. మా బృందంలో ఒక తమ్ముడు ఉన్నాడు. పేరు చెప్పం. పదిహేడేళ్లప్పుడు రాత్రిపూట టేకు దుంగలు మోయడానికి కూలికి పోయేవాడు. కొనేవాడు ఎవరో, అమ్మేవాడు ఎవరో అతనికి తెలియదు. దుంగకు ఇన్ని పైసలని చేతిలో పెట్టేవాళ్లు. ఒక రాత్రి దొరికింది అతనే. మోయించిన వాడు దొరకలేదు. కేసు, వాయిదాలు, వకీలు ఫీజు, అమ్మ మెడలోని వెండి కడెం. ఆ కథ ఈ సభలో చాలా ఇళ్లకు తెలిసిన కథే. ఇవాళ మా అందరిలో రంపం తిన్నగా కోసేది ఆ తమ్ముడే. గీత గీస్తే గీత మీదే పోతుంది. చేయి అదే, రంపం అదే.

అందుకే మేము మొదటి రోజే ఒక నియమం పెట్టుకున్నాం: కాగితం లేని చెక్క మా గడప దాటదు. చట్టం ఏమంటుందో కూడా కూర్చుని చదివాం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది. అందులో వెదురు ఉంది, పేము ఉంది, తేనె, మైనం, లక్క ఉన్నాయి, మోళ్లు కూడా ఉన్నాయి. కలప మాత్రం లేదు. అంటే వెదురు మనది, టేకు చెట్టు మాత్రం ఆ లెక్కలోకి రాదు. చాలా మంది తమ్ముళ్లు హక్కు పత్రం వచ్చింది కాబట్టి ఆ భూమిలో ఉన్న టేకు కూడా కొట్టుకోవచ్చు అనుకుంటారు. అలా అనుకుని కేసుల్లో పడొద్దు. సొంత పట్టా చేనులో చెట్టు కొట్టాలన్నా, కొట్టింది బండి మీద ఎక్కించాలన్నా అనుమతి అడగండి. రాతపూర్వకంగా అడగండి, ఇచ్చిన కాగితం దాచుకోండి.

మరి చెక్క ఎక్కడిది? పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దూలాలు, వాసాలు, దర్వాజాలు వస్తాయి. అరవై, డెబ్బై ఏళ్ల నాటి టేకు, నల్లమద్ది. పైన మసి పట్టి నల్లగా ఉంటుంది. రందా ఒక్కసారి తోలితే లోపల బంగారం. పొయ్యిలో పెట్టడానికి ఇస్తున్న దాన్ని మేము అడిగి తెచ్చుకుంటాం. గాలివానకు చేను గట్టు మీద పడిపోయిన వేప, మామిడి, తుమ్మ, నల్ల తుమ్మ ఉంటాయి. సరుకులు వచ్చిన చెక్క పెట్టెలు షాపుల వెనక పడి ఉంటాయి. ప్రతి పలక మా పుస్తకంలో ఎక్కుతుంది: ఏ రోజు, ఎవరి ఇల్లు, ఏ చెట్టు, ఎన్ని ముక్కలు, ఇచ్చిన వాళ్ల సంతకం లేదా వేలిముద్ర. ఒకసారి దారిలో బండి ఆపి అడిగినప్పుడు ఆ పుస్తకమే చూపించాం. అరగంట తిరగేసి చూసి పంపించారు. ఆ రోజు నుంచి పుస్తకం రాసే పని మీద ఎవరూ నవ్వడం లేదు.

ఒక్క మాట. ఇప్ప చెట్టు మాత్రం పడిపోయినా సరే మేము ముందు పెద్దలను అడుగుతాం. కొన్ని ఇళ్ల వాళ్లు ఇస్తారు, కొన్ని ఇళ్ల వాళ్లు ఇవ్వరు. ఇవ్వనంటే ఎందుకని అడగం.

ఇప్పుడు కింగ్రి సంగతి. మేము ఈ సభకు రావడానికి ముఖ్యమైన కారణం ఇదే.

2021లో మార్లవాయి కనకరాజు తాతకు గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడాది కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారికి వచ్చింది. మనమందరం ఫోన్లలో స్టేటస్‌లు పెట్టుకున్నాం. సంతోషమే. కానీ మాలో ఒక చెల్లి అడిగింది: ఆటకు, పాటకు పేరొచ్చింది, ఆ డోలుకు చెక్క తొలిచిన మనిషి ఎవరు? మాకెవరికీ తెలియదు. మన దగ్గరి సంగతి చూస్తే ఇంకా కష్టం. పర్ధాన్ కాకాలు కింగ్రి పట్టుకుని పెర్సాపేన్ కథ, మన గోత్రాల కథ, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వారి పుట్టుక చెబితేనే మన పూజ పూజ అవుతుంది. మన పురాణం పుస్తకంలో లేదు. ఆ మూడు తీగల మీద ఉంది. మా నాలుగు గూడేల్లో వాయించగలిగిన కింగ్రిలు రెండే మిగిలాయి. ఒకదాని మెడకు బట్ట చుట్టి కట్టారు. కొత్తది చేయడం తెలిసిన మనిషి ఒక్కరే, ఒక పర్ధాన్ తాత. ఆయనకు చూపు తగ్గింది, చేతులు వణుకుతాయి.

ఆయన దగ్గరికి పోయి నేర్పమని అడిగాం. వెంటనే ఒప్పుకోలేదు. మాలో ఎక్కువ మంది గోండు పిల్లలం, కొలాం పిల్లలం. పర్ధాన్ల వాద్యం వాళ్ల చేతుల్లో పుట్టాలి గానీ మీ చేతుల్లో ఎందుకు అని ఆయన ఇంటి వాళ్లే అడిగారు. పెద్దలు రెండుసార్లు కూర్చున్నారు. ఆ రెండు కూర్చోవడాల్లో మేము నోరు తెరవలేదు. మాట్లాడాల్సింది మేము కాదు కదా. చివరకు తేలింది ఏమిటంటే: చెక్క ఎవరైనా తొలచవచ్చు, తోలు ఎక్కించేటప్పుడు పర్ధాన్ చేయి ఉండాలి, మొదట కమాను వేసేది పర్ధానే, అంతవరకు దాన్ని ఆటకు ముట్టుకోకూడదు. మంచి తీర్పు అని మేము అనుకుంటున్నాం. పని పంచుకున్నారు, హక్కు హక్కుగా ఉంచారు.

చెక్క తాతే ఎంచాడు. ఒక రైతు చేనుగట్టు మీద గాలికి కూలిన గుమ్మడి టేకు. తేలికగా ఉంటుంది, ఎండకు, వానకు ఎక్కువ వంకర పోదు, ఉలికి లొంగుతుంది. దుంగను గొడ్డలితో నడిమికి చీల్పించాడు. నడుమ ఉండే మెత్తటి బెండు దుంగలోనే ఉండిపోతే ఆరేటప్పుడు చెక్క అక్కడి నుంచి నెర్రె ఇస్తుంది. చీల్చితే ఆ బిగువు పోతుంది. రెండు కొసలకూ పేడ పూయమన్నాడు. కొసల నుంచి తేమ తొందరగా పోతుంది, పక్కల నుంచి మెల్లగా పోతుంది. ఆ తేడా వల్లే కొసలు పగులుతాయి. పేడ పూస్తే రెండూ ఒక తీరుగా ఆరతాయి. తరువాత నీడలో, ఇటుకల మీద, గాలి ఆడేట్టు పెట్టించి “పోండి, వచ్చే ఏడాది రండి” అన్నాడు.

వచ్చే ఏడాది! ఫోన్‌లో రీల్ పది సెకన్లు దాటితే వేలు ఆగని వయసు మాది. నలుగురు అక్కడే తగ్గారు. ఒకరు హైదరాబాదులో డెలివరీ పనికి పోయారు. వాళ్లను మేము తప్పు పట్టం, ఇంటి అవసరాలు ఉంటాయి. మిగిలిన వాళ్లం నెలకోసారి ఆ చెక్కలను కిరాణా కొట్టు తూకం మీద పెట్టి బరువు రాసుకున్నాం. ఇంటర్ చదివే తమ్ముడి ఉపాయం అది. మొదటి నెలల్లో బరువు బాగా తగ్గింది. తరువాత కొద్దికొద్దిగా తగ్గింది. మూడు నెలలు వరసగా ఒకే బరువు వచ్చినప్పుడు తాత దగ్గరికి పోయాం. ఆయన తూకం అంకెలు వినలేదు. చెక్కను చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు. “ఆరింది” అన్నాడు. తూకం, గోరు రెండూ ఒకే మాట చెప్పాయి. ఆ రోజు మాకు కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేం.

ఆ ఏడాదంతా మా భయం ఒక్కటే. చెక్క ముందు ఆరుతుందా, తాత ముందు పోతాడా అని. మూఢంగా వినిపిస్తుందేమో గానీ, వానాకాలంలో ఆయనకు జ్వరం వచ్చినప్పుడు ఇద్దరం ఆయన ఇంటి దగ్గరే పడుకున్నాం. మందులకు తీసుకుపోయింది కూడా మా ఆటో తమ్ముడే.

తొలచడానికి పదకొండు ఆదివారాలు పట్టింది. మెడ, బొజ్జ అంతా ఒకే చెక్క. అతుకు లేదు. బయట ఆకారం బాడిసతో, లోపల వంపు ఉలితో. గోడ మందం కొలవడానికి సాధనం ఏదీ వాడలేదు. తాత బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి తడిమేవాడు. ఎక్కడ మందం ఉందో అక్కడ బొగ్గుతో గీత. ఆ గీతలను మేము ప్రతిసారీ ఫోటో తీసి పెట్టుకున్నాం, కొలతలు రాసుకున్నాం, వీడియోలో ఆయన మాట గోండిలోనే రికార్డు చేశాం. తోలు నానబెట్టి లాగి కట్టింది ఆయన కొడుకు. తీగలు ఎక్కించింది తాత.

ఎలా ఉందని అడిగితే, మెడ కొంచెం బరువుంది అన్నాడు. అంతే. మెచ్చుకోలేదు. ఆ రాత్రి మాత్రం వాళ్ల ఇంటి వాకిట్లో చాలాసేపు వాయించాడు. వాయిస్తూ కథ ఎత్తుకున్నాడు. మాలో కొందరం మా గోత్రం కథ మొదటిసారి మొదటి నుంచి విన్నది ఆ రాత్రే. పెళ్లిళ్లలో, పూజల్లో ముక్కలు ముక్కలుగా విన్నాం గానీ మొదలు ఎక్కడో తెలియదు. పొద్దున లేచాక రెండో చెక్క ఎప్పుడు మొదలుపెడతారని ఆయనే అడిగాడు. ఇప్పుడు రెండోది బొజ్జ దాకా వచ్చింది. మూడోదానికి చెక్క ఆరుతోంది. ఆయన మనవడు, తొమ్మిదో తరగతి పిల్లవాడు, సెలవులకు వచ్చినప్పుడు కమాను పట్టడం నేర్చుకుంటున్నాడు. పిల్లి అరిచినట్టు ఉంటుంది. ఎవరూ నవ్వొద్దని అందరికీ చెప్పాం.

కింగ్రి అమ్మమని అడిగిన వాళ్లున్నారు. పట్నంలో గోడకు తగిలించుకోవడానికి. ఇవ్వలేదు. దేవుడి పనికి వాడేది అమ్మకానికి చేయం. బొమ్మలు అమ్ముతాం, పీటలు అమ్ముతాం. దీని మీద మాలో భేదాభిప్రాయం ఇంకా ఉంది. రెండు అమ్మితే కొత్త పనిముట్లు వస్తాయి కదా అనే తమ్ముళ్లున్నారు. వాళ్ల మాటలోనూ అర్థం ఉంది. ఇప్పటికైతే ఇవ్వడం లేదు.

నాగోబా జాతరకు ముందు మా దగ్గర పని ఎక్కువ. పుష్య మాసంలో కేస్లాపూర్‌కు మెస్రం వంశం వాళ్లు ఎడ్లబండ్ల మీద వెళ్లే ఆచారం మీకు తెలుసు. బండ్లు తగ్గిపోయాయి. ఉన్నవాటికి చక్రం చూసేవాళ్లు లేరు. ఆకులు వదులైతే, పూటీ చీలితే బండి మూలకు పోతుంది, దాని బదులు ట్రాలీ వస్తుంది. వడ్ల తాత దగ్గర మేము చక్రం పని కొంత నేర్చుకున్నాం. నల్ల తుమ్మ చెక్కతో ఆకు చేసి ఎక్కించగలం. కమ్మి తొడగడం మాత్రం ఇప్పటికీ ఆయన లేకుండా చేయం. ఇనుప కమ్మిని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పట్టకార్లతో పట్టుకుని చక్రం మీద దించి, చెక్క అంటుకునేలోపు నీళ్లు పోయాలి. ఇనుము చల్లారి కుంచించుకుని చక్రాన్ని బిగిస్తుంది. అదంతా నిమిషాల పని. అప్పుడు ఎవరు ఎటు నిలబడాలో ముందే సున్నంతో గీసి పెడతాం. కిందటి జాతరకు ఆరు బండ్లు బాగు చేశాం. పైసలు తీసుకోలేదు. ఒక ఇంటి వాళ్లు జొన్నలు పంపించారు, తీసుకున్నాం.

బడి పని గురించి ఎక్కువ చెప్పను. విరిగిన బల్లలు మూలన గుట్టగా పడి ఉంటాయి. ఇనుప చట్రం గట్టిగానే ఉంటుంది, పైన ప్లైవుడ్ నాని పొట్టు లేస్తుంది. పలక మార్చి నాలుగు బోల్టులు బిగిస్తే మళ్లీ బల్ల. ఒక ఆశ్రమ పాఠశాలలో నలభై దాకా అలా నిలబెట్టాం. గరుకు కాగితం రుద్దే పని పిల్లలకే ఇచ్చాం. తాము రుద్దిన బల్ల మీద వాళ్లు పేర్లు చెక్కడం లేదని వార్డెన్ సారు అంటున్నాడు. చూడాలి.

అంగన్‌వాడీ పని మాత్రం చెప్పాలి. గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి, మన గుంజాల గోండి లిపి, 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఫోన్‌లో, కంప్యూటర్‌లో దానికి చోటు దొరికింది. కానీ మూడేళ్ల పిల్లకు యూనికోడ్ ఏం చేసుకోను? చేతిలో పట్టుకునేది కావాలి. అందుకని రెండంగుళాల చెక్క దిమ్మల మీద అక్షరాలు చెక్కాం. ఒక పక్క గోండి అక్షరం, ఇంకో పక్క అదే శబ్దానికి తెలుగు అక్షరం, మూడో పక్క బొమ్మ. అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో లిపి నేర్పే మాస్టారు చూసి సరిదిద్దాక గానీ ఉలి పెట్టలేదు. పిల్ల నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి మూలలు గుండ్రంగా అరగదీయాలి, రంగు కూడా అలాంటిదే కావాలి. ఏటికొప్పాక వాళ్లు అంకుడు కర్ర బొమ్మలకు లక్కలో మొక్కల రంగులు కలిపి వేస్తారు. ఆ పనికి అక్కడి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మాకు వాళ్లలాగా తిరిగే సాన లేదు. మేము రంగు జోలికి పోకుండా అవిసె నూనెలో తేనె మైనం కరిగించి రుద్దుతాం. ఇప్ప నూనె రుద్దుదామని మొదట అందరూ అంటారు. ఇప్ప నూనె ఆరదు, చెక్క మీద జిడ్డుగానే ఉండి దుమ్ము పడుతుంది. అవిసె నూనె గాలికి గట్టిపడుతుంది.

ఆ గట్టిపడే గుణం వల్లే ఒక ప్రమాదం ఉంది, గుర్తుపెట్టుకోండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతట అవే అంటుకోవచ్చు. విప్పి దండెం మీద ఆరేయాలి, లేదా నీళ్ల బకెట్లో వేయాలి. అలాగే చెక్క పొడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. బీడీ మానమని నాన్నకు చెప్పే తమ్ముళ్లు ముక్కుకు గుడ్డ లేకుండా రందా తోలితే ఎలా? మా దగ్గర ముక్కుకు మాస్కు లేకుండా, కాళ్లకు బూట్లు లేకుండా పనిలోకి రానివ్వం. మెడలో తువ్వాల, వదులు చొక్కా కూడా వద్దు.

ఇక వెదురు స్ట్రెచర్. మా వైపు కొన్ని గూడేలకు వానాకాలంలో వాగు పొంగితే అంబులెన్సు రాదు. మనిషిని మంచం మీద మోయాలి. మంచం బరువు, తలకాయ ఒకవైపు, కాళ్లు ఒకవైపు, బురదలో ఎవరో ఒకరు జారతారు. మా కొలాం తమ్ముళ్ల ఇంటి పెద్దాయన వెదురు పనిలో ఆరితేరిన మనిషి. ఆయన గట్టి వెదురు రెండు ఎంచి ఇచ్చాడు. దాని మధ్య గుడారం గుడ్డ, గుడ్డ ముడుచుకోకుండా అడ్డపట్టీలు, కింద పెట్టినప్పుడు నీళ్లు తగలకుండా జానెడు కాళ్లు, మనిషి జారకుండా రెండు నడుం పట్టీలు, తలవైపు కొంచెం ఎత్తు. పట్టీలు తీస్తే చుట్ట చుట్టి ఒక్కరే భుజాన వేసుకోవచ్చు. నిండు మనిషిని పడుకోబెట్టి, పైన ఇంకో బియ్యం బస్తా పెట్టి, రాళ్ల దారిలో మోసి చూశాకే ఇచ్చాం. నాలుగు చేశాం, నాలుగు గూడేల్లో ఆశా అక్కల ఇళ్లలో ఉన్నాయి.

వీటి మీద మా బృందంలో గట్టి గొడవే జరిగింది. రోడ్డు వేయించాల్సింది పోయి మనమే మోసుకునే వసతి చేసుకుంటే, రోడ్డు ఎవరు వేస్తారు అని ఒక తమ్ముడు లేచాడు. ఆ ప్రశ్న చిన్నది కాదు. ఇప్పటికీ మేము దానికి పూర్తి జవాబు చెప్పలేం. చేసిందల్లా ఏమిటంటే, స్ట్రెచర్ ఇచ్చిన రోజే గ్రామసభలో రోడ్డుకూ, వంతెనకూ తీర్మానం రాయించాం. స్ట్రెచర్ ఎత్తిన ప్రతిసారీ తేదీ, గూడెం, ఎంత దూరం మోశాం అనేది ఆశా అక్క దగ్గర పుస్తకంలో రాస్తున్నాం. ఆ పుస్తకం నకలు అర్జీలకు జతచేస్తున్నాం. కిందటి వానాకాలంలో మూడుసార్లు ఎత్తారు. అందులో ఒకటి కాన్పు. తల్లీ బిడ్డా బాగున్నారు. రోడ్డు ఇంకా రాలేదు.

ఆడపిల్లల సంగతి అడుగుతారని తెలుసు కాబట్టి చెబుతున్నాం. మొదటి ఏడాది ఒక్క చెల్లి కూడా లేదు. వద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. ఒక చెల్లి తమ్ముడికి అన్నం డబ్బా తెచ్చి ఇచ్చి వెళ్లకుండా నిలబడి చూసింది. మరుసటి వారం ఇంకో ఇద్దరిని తీసుకొచ్చింది. ఇప్పుడు అక్షరాల దిమ్మల పని మొత్తం వాళ్ల చేతుల్లోనే ఉంది. చిన్న ఉలి పనిలో, గరుకు తీయడంలో వాళ్లతో మేము పోటీ పడలేం. ఇంట్లో వాళ్లు ఒకటే షరతు పెట్టారు, చీకటి పడేలోపు ఇల్లు చేరాలని. అందుకే మా పని మధ్యాహ్నానికే ముగుస్తుంది. అది అందరికీ మేలే అయింది. పొలం పనికీ టైం దొరుకుతోంది.

డబ్బు లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాం, దాచేది ఏమీ లేదు. పీటలు, రొట్టెల కర్రలు, పిల్లల బండ్లు, ఊయలలు అమ్ముతాం. అందులో సగం చేసిన వాళ్లకు, సగం బృందానికి. బృందం వాటాతోనే బోల్టులు, నూనె, రంపం బ్లేడ్లు. కరెంటు రంపం ఒకటి ఇప్పిస్తామని ఒకరు ముందుకొచ్చారు. దాని మీద తమ ఫ్లెక్సీ కట్టాలన్నారు. వద్దన్నాం. చేతిరంపంతో ఇంకొన్నాళ్లు నడుస్తుంది. ఇది పొగరు అనుకునే వాళ్లు అనుకోవచ్చు. ఒక ఎన్నికల ఏడాది తరువాత ఆ రంపం ఎవరిదనే గొడవ మాకు వద్దు.

ఇద్దరు తమ్ముళ్లు ఈ పనితోనే మంచిర్యాలలో, నిర్మల్లో ఫర్నిచర్ పనికి కుదిరారు. నిర్మల్‌కు పోయిన తమ్ముడు పొనికి చెక్క చూసి ఫోన్ చేశాడు. అక్కడి కొయ్యబొమ్మలు చేసేది ఆ చెక్కతోనే కదా. దూదిలాగా ఉంది అన్నాడు. పొనికి చెట్లు అడవిలో తగ్గిపోయి అక్కడి కళాకారులకు కలప దొరకడమే కష్టంగా ఉంది. అది విన్నాక మేము కూడా గుమ్మడి టేకు మొక్కలు ముప్పై చేనుగట్ల మీద పెట్టాం. మేకలు తిన్నవి పోగా ఇరవై రెండు ఉన్నాయి. అవి కింగ్రి చెక్క అయ్యేసరికి ఇక్కడ ముందు వరసలో కూర్చున్న చిన్న పిల్లలకు పెళ్లిళ్లు అవుతాయి. ఏ మొక్క ఎవరి గట్టు మీద ఉందో పుస్తకంలో రాసే ఉంది.

మేము అడిగేది మూడు సంగతులు. మీ ఇళ్లలో అటక మీద తాతల నాటి బాడిస, ఉలి, బర్మా తుప్పు పట్టి ఉంటే పాత సామానుకు అమ్మకండి, మాకు చూపించండి. నూరి మీకే తిరిగి ఇస్తాం. మీ గూడెంలో కింగ్రి గానీ, పాత డోలు గానీ విరిగిపోయి ఉంటే పారేయకుండా ఫోటో తీసి పంపండి. బాగు చేయలేకపోయినా కొలతలు రాసుకుంటాం. పర్ధాన్ కాకాల్లో, తోటి కాకాల్లో ఇంకా ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మేమే వస్తాం.

వచ్చే ఆదివారం కింగ్రి బొజ్జ తొలిచే పని ఉంది, తాత వస్తానన్నాడు. దండారీలోపు కోలలు కూడా చేయాలి, ఇంకా అరవై జతలు మిగిలి ఉన్నాయి. రావాలనుకునే వాళ్లు ఎనిమిదికల్లా రండి. బూట్లు వేసుకోండి. అన్నం డబ్బా తెచ్చుకోండి, చాయ్ మా దగ్గర దొరుకుతుంది. మొదటి మూడు వారాలు ఉలి నూరడమే ఉంటుంది, ముందే చెబుతున్నాం.

రామ్ రామ్.